గీత పోయిందంటే అసలు ఏం పోయినట్టు?

మా బామ్మర్ది రెండేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక ఫైబర్ బాడీ ట్రైలర్ కొన్నాడు, సెకండ్ హ్యాండ్. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే బాపతు, లోపల ఇద్దరు పడుకోవచ్చు, మూలకు ఒక చిన్న గ్యాస్ పొయ్యి. మొన్న సంక్రాంతి సెలవులకు దాన్ని కట్టుకుని మహబూబ్‌నగర్ నుంచి సోమశిల పోయాం, కృష్ణ ఒడ్డున రెండు రాత్రులు ఉందామని. అంతా బాగానే ఉంది గానీ ఒడ్డుకు దిగే మట్టిబాటకు రెండు పక్కలా సర్కారు తుమ్మ కమ్ముకుని ఉంది. కొమ్మలు గోడకు రాసుకుంటున్న కిర్రు చప్పుడు కారులోకి వినబడుతూనే ఉంది, వెనక ట్రైలర్ ఉన్నాక ఆ సందులో రివర్స్ తీయడం మా ఇద్దరి వల్లా కాదు, పళ్లు బిగబట్టి ముందుకే పోయాం. తెల్లారి చూస్తే ఎడమ పక్క గోడంతా పిల్లి గీరినట్టు గీతలు.

"బావా, గివి పోతయా? పెయింట్ ఏపియ్యాల్నా?" అని మొహం వేలాడేశాడు. అని, చేతిలో ఉన్న బాటిల్ నీళ్లు గోడ మీద గుమ్మరించాడు. గీతలు దాదాపు మాయం. "పోయినయ్ పోయినయ్" అని ఎగిరాడు పాపం. రెండు నిమిషాలకు నీళ్లు ఆరాయి, గీతలన్నీ ఎక్కడివక్కడ తిరిగి తేలాయి.

నిజానికి ఆ రెండు నిమిషాల్లోనే విషయమంతా ఉంది. గీత అంటే మనకు కనిపించే తెల్ల రంగు కాదు, ఒక సన్నటి గుంట. నున్నటి గోడ మీద పడ్డ వెలుతురు అంతా ఒకే వైపు తిరిగి వస్తుంది, అందుకే నిగనిగ. గుంట అంచుల మీద పడ్డ వెలుతురు మాత్రం నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది, ఆ చెదిరిన వెలుతురే కంటికి తెల్లగా కనిపిస్తుంది. కల్లుప్పు గడ్డ అద్దంలా ఉంటుంది, దంచితే తెల్లటి పొడి, ఉప్పు మారిందా? లేదు, అంచులు పెరిగాయి అంతే. గోడకు పూసిన రెజిన్‌లో, అంటే ఆరితే గట్టిపడే జిగురు లాంటి ప్లాస్టిక్‌లో, వెలుతురు వంగే కొలత సుమారు 1.55, గాలిది 1. ఈ రెంటికీ తేడా ఎంత ఎక్కువుంటే చెదరడం అంత ఎక్కువ. గుంటలో గాలికి బదులు నీళ్లు చేరితే ఆ కొలత 1.33, తేడా సగానికి పైగా తగ్గింది, గీత కనబడకుండా పోయింది. కొబ్బరినూనె అయితే 1.45, ఇంకా దగ్గర. పాత బండి అమ్మేముందు బాడీకి నూనె గుడ్డ రుద్దే వాళ్లు ఈ లెక్క చదువుకోలేదు గానీ వాడేది ఇదే. కొన్నవాడు ఇంటికి తెచ్చి రెండు సార్లు సబ్బు పెట్టి కడిగితే గీతలన్నీ బయటికొస్తాయి, ఈలోగా ఆ జిడ్డుకు దుమ్ము పట్టి ఇంకో కథ మొదలవుతుంది.

కాబట్టి తడిపి చూడటం మంచి పరీక్ష. తడిస్తే మాయమయ్యే గీత పైపైది, చేత్తో పోతుంది. తడిసినా కనబడేది లోతైనది. ఇంకో పరీక్ష గోరు: గీతకు అడ్డంగా గోరు ఆనించి లాగితే టక్కున తగులుకుందా, అది తేలిగ్గా పోయే గీత కాదు. మా గోడ మీద ముప్పై నలభై గీతలుంటే గోరుకు తగిలినవి మూడే.

ఇప్పుడు గోడ సంగతి. దీన్ని పెయింట్ వేసిన రేకు అనుకుంటే తప్పులో కాలేసినట్టే. రేకు బండికి ముందు బాడీ చేసి తర్వాత రంగు వేస్తారు. ఫైబర్ బాడీది పూర్తిగా తిరగేసిన పని. ముందు అద్దంలా నున్నగా ఉన్న అచ్చు తీసుకుంటారు, ఇడ్లీ రేకుకు నూనె రాసినట్టు దానికి అంటుకోకుండా మైనం పూస్తారు, దాని మీద రంగు కలిపిన చిక్కటి పాలియెస్టర్ రెజిన్ కొడతారు. అదే జెల్‌కోట్. అది కాస్త గట్టిపడ్డాక గాజు పీచు పరిచి, రెజిన్‌తో తడిపి, రోలర్‌తో గాలి బుడగలు పోయేలా నొక్కుతారు. ఆరాక అచ్చులోంచి ఊడదీస్తే మొదట కొట్టిన పొర బయటికి వస్తుంది. అంటే కొత్త ట్రైలర్ మీద మెరుపు దాని సొంతం కాదు, అచ్చు మెరుపుకు నకలు. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో అనే ఆయన బోలర్ అనే కోడిగుడ్డు లాంటి ట్రైలర్‌ను ఇలాగే రెండు చిప్పలుగా అచ్చు తీసి అతికించాడు. అంతకుముందు ఆయన చేసింది ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకు, నవ్వకండి, రెంటికీ కావాల్సింది ఒకటే: బరువు ఉండొద్దు, నీళ్లు కారొద్దు. అన్ని ట్రైలర్లూ ఇలా ఉండవు, కొన్నిటికి పలచటి ఫైబర్ షీట్లు చట్రానికి అతికిస్తారు, వాటి మీద పూత ఇంకా పలచన, వాటితో కొంచెం జాగ్రత్త.

అచ్చులో తీసిన బాడీకి జెల్‌కోట్ మందం సుమారు అర మిల్లీమీటరు, అంటే 500 మైక్రాన్లు. జిరాక్స్ కాగితం ఒకటి సుమారు 100 మైక్రాన్లు కాబట్టి అయిదు కాగితాలు దొంతి పెట్టినంత. కారు రంగు మీద ఉండే క్లియర్ కోటు మాత్రం 40, 50 మైక్రాన్లు, సగం కాగితం! అందుకే కారు మీద భయపడుతూ చేసే పని ఫైబర్ బాడీ మీద కొంచెం ధైర్యంగా చేయొచ్చు.

ధైర్యం అన్నాను గానీ చేసే పని ఏమిటో ముందు తెలియాలి. గీతను ఎవరూ తీసెయ్యలేరు, అది అక్కడ లేని పదార్థం, లేనిదాన్ని ఎలా తీస్తాం? మనం చేసేది చుట్టూ ఉన్న గోడను గీత అడుగు దాకా దించడం. పొలంలో ఒక చిన్న గుంట ఉంటే మట్టి తెచ్చి పూడ్చకుండా పొలమంతా ఆ మట్టానికి చెక్కినట్టు. గీత లోతు పది మైక్రాన్లయితే 500లో పది ఖర్చు, ఫర్వాలేదు. వందయితే ఒక కాగితం పోయింది. ఏటా పాలిష్ పట్టించే వాళ్లు ఈ ఖర్చు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే అయిదు కాగితాలూ అయిపోతే కింద గాజు పీచు కనబడుతుంది, దాని వెంట నీళ్లు లోపలికి పాకుతాయి.

చెక్కడం ఎలాగో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, తాండూరు బండలు పరిచిన ఇంట్లో పాలిష్ మిషన్ తిరగడం చూసే ఉంటారు. ముందు గరుకు రాయి, తర్వాత దానికన్నా మెత్తది, తర్వాత ఇంకా మెత్తది, ఇల్లంతా తెల్లటి రొచ్చు, ఆఖరికి మొహం కనబడే నునుపు. ఇక్కడ రాళ్లకు బదులు వాటర్ పేపర్, నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితం. నంబరు పెరిగే కొద్దీ దాని మీది గరుకు గింజ చిన్నది: పీ 1000లో సుమారు 18 మైక్రాన్లు, పీ 2000లో సుమారు 10. ప్రతి కాగితం పాత గీతను చెరిపి తన గీతలు పెడుతుంది, కాకపోతే ఇంకా చిన్నవి. కంటికి కనిపించే వెలుతురు అల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మిగిలిన గీతలు దానికన్నా బాగా చిన్నవైతే వెలుతురు వాటిని పట్టించుకోదు, చెదరదు. మెరుపు అంటే అదే, గీతలు లేకపోవడం కాదు, వెలుతురుకు ఆననంత చిన్నవైపోవడం.

మేం చేసింది చెబుతాను. ముందు షాంపూ నీళ్లతో కడిగాం, కడగ్గానే ముప్పావు వంతు భయం పోయింది, ఎందుకంటే తెల్ల గోడ మీద నల్లగా కనిపించినవాటిలో సగం గీతలే కావు, కొమ్మల పసరూ దుమ్మూ అంటుకున్న చారలు. మిగిలినవాటి మీద నేరుగా రబ్బింగ్ కంపౌండ్, అంటే అరిగించే సన్నటి పొడి కలిపిన పేస్టు, పెట్టి చూశాం, గరుకు కాగితం ముట్టుకోకుండా. ఎప్పుడైనా అన్నిటికన్నా మెత్తటి మందుతోనే మొదలు పెట్టాలి, దాంతో పోకపోతేనే ఒక మెట్టు గరుకుకు దిగాలి, మన వాళ్లు దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. చాలా గీతలు కంపౌండ్‌కే పోయాయి. టూత్‌పేస్ట్ గురించి అడుగుతారని తెలుసు, అందులోనూ అరిగించే పొడి ఉంటుంది, గోరంత గీతకు పని చేస్తుంది, గోడంత పనికి మాత్రం చెయ్యి పడిపోతుంది.

గోరుకు తగిలిన మూడిట్లో ఒకదాని కథ చూడండి. చుట్టూ మాస్కింగ్ టేపు వేసి మూరెడు చోటు వదిలాం. ఆ చోటంతా పెన్సిల్‌తో సన్నగా అడ్డదిడ్డం గీశాను. 1000 నంబరు కాగితాన్ని సబ్బు నీళ్లలో పావుగంట నానబెట్టి, రబ్బరు దిమ్మకు చుట్టి, అడ్డంగా రుద్దాను, వేలితో నొక్కి రుద్దితే వేళ్ల అచ్చున పల్లాలు పడతాయి కాబట్టి దిమ్మ. పాలలాంటి తెల్లటి నీళ్లు కారుతుంటే తెలిసింది, అది జెల్‌కోటే, మన అయిదు కాగితాల్లోంచి కారుతోంది. పది పన్నెండు సార్లు రుద్ది తుడిస్తే పెన్సిల్ గీతలు ఎత్తు మీద పోయాయి, తుమ్మ గీత అడుగున మాత్రం నల్లటి దారంలా మిగిలింది. ఆ దారం తెగితెగి చుక్కలై, చుక్కలు కూడా పోగానే ఆపేశాను. తర్వాత 1500తో నిలువుగా. దిక్కు మార్చడంలో కిటుకు ఏమిటంటే, అడ్డం గీతలన్నీ పోయి నిలువువే మిగిలితే 1000 పని పూర్తిగా చెరిగినట్టు లెక్క, లేకపోతే ఏది ఎవరి గీతో తెలియదు. ఆ పైన 2000 మళ్లీ అడ్డంగా. అప్పటికి ఆ చోటు మసక అద్దంలా పాలిపోయి ఉంది, మా బామ్మర్ది మొహం కూడా. "బావా, ఉన్నదాన్ని గూడ ఖరాబ్ జేస్తివి గదనే" అన్నాడు. బఫింగ్ మిషన్‌కు కంపౌండ్ పెట్టి నెమ్మదిగా తిప్పితే మూడు నిమిషాల్లో మెరుపు లేచింది, మాట మార్చాడు.

మిషన్‌ను ఒకే చోట ఆపి పెట్టకూడదు, అంచుల మీద అసలు పెట్టకూడదు, అక్కడ పూత పలచన, వేడికి కాలుతుంది. ఎండలో చేయకూడదు. నల్లగొండలో మే నెలలో గాలే 45 డిగ్రీల దాకా పోతుంది, ఎండలో గోడ అంతకన్నా చాలా ఎక్కువ, కంపౌండ్ పెట్టిన చోటే ఎండి పిడచకట్టుకుని కొత్త గీతలు పెడుతుంది. బోరు నీళ్లతో ఎండలో కడిగినా అంతే, నీళ్లు ఆవిరై సున్నం మచ్చలు మిగులుతాయి, వాటికి కాస్త వెనిగర్ నీళ్లు చాలు, వాటి కోసం పాలిష్ పట్టి పూత అరగదీసుకోవద్దు.

పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో ఒకసారి తుడిచి చూడాలి. కంపౌండ్‌లో నూనెలుంటాయి, అవి గీతల్లో చేరి మా బామ్మర్ది బాటిల్ నీళ్ల లాగే మోసం చేస్తాయి. తుడిచాక కూడా గీత లేకపోతేనే పోయినట్టు. తర్వాత మైనం. కార్నౌబా మైనం బ్రెజిల్ తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది, అది గీతల్ని తీయదు, నీటినీ దుమ్మునూ కొంత కాలం అంటనీయదు, మన ఎండకు కొన్ని నెలలే నిలుస్తుంది.

నక్షత్రంలా చీలిన పగుళ్లుంటే మాత్రం ఎంత రుద్దినా లాభం లేదు, అవి దెబ్బకో ఒత్తిడికో పూత లోపలి దాకా విడినవి. పీచు తేలిన లోతు గీత కూడా అంతే, జెల్‌కోట్ పేస్టులో దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ కలిపి పూడ్చాలి. గాలి తగిలితే దాని పైభాగం జిగటగానే ఉండిపోతుంది, ఆక్సిజన్ గట్టిపడనివ్వదు, కాబట్టి పైన ప్లాస్టిక్ కాగితం కప్పాలి. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపుకే ముప్పు, కళ్లను కాపాడే రక్షణ అద్దాలు లేకుండా దాని మూత తీయొద్దు.

ఇంత చెప్పాక తుమ్మ ముల్లును తిట్టుకోవడం అన్యాయమేమో అనిపిస్తుంది. మనది గ్రానైట్ నేల, బాట మీద లేచే దుమ్ములో పలుగురాయి నలుసు నిండా ఉంటుంది, గట్టిదనంలో దాని అంకె పదికి 7, గాజుకే గీత పెడుతుంది, ఇక మెత్తటి రెజిన్ ఎంత? ఇంటికొచ్చాక మేం పొడి గుడ్డ తీసుకుని దుమ్ము దులిపిన ప్రతిసారీ ఆ నలుసుతోనే గోడను రుద్దాం. ఎండలో గానీ, నీడలో సెల్ టార్చి పక్కగా పట్టి గానీ చూస్తే సాలెగూడు లాంటి వలయాలు కనిపిస్తాయే, అవన్నీ మన చేతివే.

ఒక్క చిక్కు మిగిలింది. ఎండకు ఏళ్ల తరబడి పూత పైభాగం విరిగి సుద్దలా పాలిపోతుంది, మేం రుద్దిన చోట ఆ సుద్ద కూడా పోయి అసలు తెలుపు బయటపడింది. ఇప్పుడు గీతలు కనబడవు గానీ గోడ మధ్యలో మూరెడు చతురస్రాలు మూడు తళతళ మెరుస్తున్నాయి, రోడ్డు మీది నుంచే కనబడుతున్నాయి. వచ్చే ఆదివారం చింతచెట్టు కింద పెట్టి గోడంతా కంపౌండ్ పట్టాలి, నీళ్ల బకెట్ పని మా బామ్మర్దిది.