ఎకో మిషన్ పాడైపోయిందా? కొత్తది కొనేముందు ఒక్క నిమిషం (అపోహలు – వాస్తవాలు)

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే నా ఫోన్ ఆగదు. చర్చిల్లో క్రిస్మస్ ప్రాక్టీసులు మొదలవుతాయి, ఏడాదంతా అటక మీద పడున్న సామాను కిందికి దిగుతుంది, సాయంత్రానికల్లా ఫోన్. "బ్రదర్, ఎకో మిషన్ పోయింది. కొత్తది ఏది తీసుకోమంటారు?" వినాయక చవితికీ ఇదే ప్రశ్న, శ్రీరామనవమికీ ఇదే. అప్పుడు 'బ్రదర్' బదులు 'అన్నా' అంటారు, అంతే తేడా.

నేను తిరిగి అడిగేది ఒక్కటే. "మిక్స్ ఎంతలో ఉంది?" అవతల చప్పుడుండదు.

ఈ పనిలో పంతొమ్మిదేళ్లయింది. 'పోయింది' అంటూ నా దగ్గరికి తెచ్చిన ఎకో మిషన్లలో (అసలు పేరు ఎఫెక్ట్స్ ప్రాసెసర్) నిజంగా పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ బంగారంలా పనిచేస్తున్నాయి, పెట్టిన తీరే తప్పు. మిక్సర్, ఆక్స్, ఫేడర్ అంటే తెలిసినవాళ్ల కోసమే రాస్తున్నా. అక్కడి నుంచి మొదలుపెడితే తెల్లారిపోతుంది.

అపోహ: సౌండ్ బాగోలేదంటే మిషన్ చవకది. ఇంకా ఖరీదైనది కొనాలి.

జనం డబ్బులు ఎక్కువగా తగలేసేది ఇక్కడే. కాబట్టి ఎక్కువసేపు ఇక్కడే కూర్చుంటా.

గొంతుకి ఎఫెక్ట్ ఇచ్చేటప్పుడు మనం మిషన్‌కి ఆక్స్ సెండ్ నుంచి గొంతు ఇచ్చి, రిటర్న్‌గా వేరే ఛానల్లోకి తెచ్చుకుంటాం. అంటే పాడేవాళ్ల అసలు గొంతు మిక్సర్ ఛానల్ నుంచి నేరుగా బాక్సులకి వెళ్లిపోతోంది. మిషన్ చేయాల్సింది దానికి ఎకో తోక తగిలించడం మాత్రమే. మరి ఆ మిషన్‌లో మిక్స్ (అసలు గొంతు ఎంత, ఎకో ఎంత అనేది) ఎంతుండాలి? 100 శాతం వెట్, అంటే అంతా ఎకోనే. యాభై కాదు, డెబ్బై కాదు. వంద.

యాభైలో పెడితే ఏమవుతుందో చూడండి. అసలు గొంతు మిషన్ లోపలికి వెళ్లి డిజిటల్‌గా మారి, మళ్లీ అనలాగ్‌గా మారి ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా బయటికొస్తుంది. ఛానల్లో నేరుగా వెళ్లిన గొంతుతో ఇది కలుస్తుంది. రెండు మిల్లీసెకన్ల తేడా ఉంటే 250 హెర్ట్జ్, 750, 1250 దగ్గర, అలా పైకి పోతూ వరసగా గుంటలు పడతాయి. గొంతుకి నిండుదనం ఉండేదే అక్కడ. అది పోయాక వినిపించేది బిందెలో తల పెట్టి పాడినట్టుంటుంది. విన్నవాళ్లు "చవక మిషన్, ఇంతే వస్తుంది" అంటారు.

కథ ఇంకా ఉంది. ఎకో చాలలేదని రిటర్న్ పెంచుతారు. ఎకోతోపాటు లోపల కలిసున్న డ్రై గొంతు (ఎకో లేని అసలు గొంతు) కూడా పెరుగుతుంది. అంటే మీకు తెలియకుండానే మైక్ వాల్యూమ్ పెంచుతున్నారు. ఇక కూత (ఫీడ్‌బ్యాక్) రాకుండా ఎలా ఉంటుంది? "ఎకో పెంచితే కూత వస్తోంది" అంటూ మూడింతల ఖరీదు పెట్టి ఇంకోటి కొంటారు, అదే తీరున తగిలిస్తారు. అదే కూత, కాకపోతే ఖరీదైన కూత.

రెండేళ్ల కిందట తెనాలి దగ్గర ఒక పల్లె చర్చికి వెళ్లాను. క్రిస్మస్‌కి నాలుగు రోజులుంది. సౌండ్ చూసుకునే కుర్రాడికి పంతొమ్మిది, ఇరవై ఏళ్లుంటాయి. జీతం లేదు, భత్యం లేదు, ఇష్టంతో చేస్తున్నాడు. కానుక డబ్బుల్లోంచి అప్పటికే రెండో మిషన్ కొనిపించాడని పెద్దలు అతని మీద గుర్రుగా ఉన్నారు. నేను వెళ్లేసరికి నాబ్‌లు తిప్పుతున్న చేతులు వణుకుతున్నాయి. పాట మొదలైన పది సెకన్లకి 'ఊఊ' అని కూత. మైక్ స్విచ్ ఆపమన్నాను. ఆపాడు. కూత ఆగలేదు.

"చూశారా బ్రదర్, మైక్ లేకుండానే అరుస్తోంది. ఇదీ పోయినట్టే కదా?" అన్నారు ఓ పెద్దాయన.

మైక్ ఆపాక కూడా కూస్తోందంటే ఆ కూతకి మైక్‌తో పనిలేదు. అది మిక్సర్‌లోనే గుండ్రంగా తిరుగుతోంది. రిటర్న్ తెచ్చుకున్నది 11, 12 ఛానళ్లలోకి. ఆ రెండు ఛానళ్ల మీద ఎఫెక్ట్స్ ఆక్స్ నాబ్‌లు చూస్తే సగానికి తిప్పి ఉన్నాయి. మిషన్‌లోంచి వచ్చింది మళ్లీ మిషన్‌లోకే పోతోంది, అక్కడినుంచి మళ్లీ బయటికి. ఎవరూ కావాలని చేసింది కాదు. "అన్ని ఛానళ్లకీ ఎకో కావాలి" అని ఎవరో ఒకటో నంబరు నుంచి వరసగా తిప్పుకుంటూ పోయారు. ఆ రెండూ సున్నాకి తెచ్చాను. చర్చి అంతా ఒక్కసారిగా నిశ్శబ్దం.

తర్వాత మిక్స్ చూద్దామని 500 మిల్లీసెకన్ల డిలే ప్రోగ్రామ్ పెట్టి, హెడ్‌ఫోన్ కుర్రాడి చెవులకి తగిలించి, రిటర్న్ ఛానల్ పీఎఫ్ఎల్ (ఆ ఛానల్‌ని హెడ్‌ఫోన్‌లో వినిపించే బటన్) నొక్కి, మైక్‌లో 'టక్' అన్నాను. "ఎన్నిసార్లు వినిపించింది?" "రెండు సార్లు అన్నా. వెంటనే ఒకటి, తర్వాత ఒకటి." మిక్స్ వందకి తిప్పించాను. మళ్లీ 'టక్'. ఈసారి వెంటనే ఏమీ లేదు, అరసెకను ఆగి ఒకే ఒక్క 'టక్'. వాడి ముఖం వెలిగిపోయింది. మీరూ ఇంట్లో ఇదే పరీక్ష చేయొచ్చు, ఖర్చు లేదు. రిటర్న్‌లో ఆ మొదటి 'టక్' వినిపించిందంటే మిక్స్ తప్పు.

ఆ తర్వాత అటక మీదినుంచి పాత మిషన్ దింపించి అదే తగిలించాను. క్రిస్మస్ దానితోనే జరిగింది. కొత్తది షాపువాళ్లు వాపసు తీసుకోలేదు. పెద్దాయనకి మాత్రం అనుమానం తీరలేదు. "కొత్తదైతే ఇంకాస్త బాగుండేదేమో బ్రదర్?" అని వెళ్లేటప్పుడు కూడా అడిగారు.

ఖరీదు గురించి ఇంకో మాట. నా దగ్గర యమహా ఎస్‌పీఎక్స్ 90 ఒకటుంది. 1985 నాటి మోడల్. అది 12 కిలోహెర్ట్జ్ దాటి పైకి ఇవ్వదు. ఈనాటి లెక్కలో చూస్తే ఎందుకూ కొరగానిది. కానీ రెవర్బ్ (పెద్ద గదిలో మోగినట్టుండే ఎఫెక్ట్) తోక 12 కిలోహెర్ట్జ్ పైన లేదని ఇప్పటిదాకా ఒక్క పెళ్లివారూ నన్ను నిలదీయలేదు. నేనైతే రిటర్న్‌లో ఆరు, ఏడు కిలోహెర్ట్జ్ పైన నా చేత్తో నేనే కోసేస్తాను, లేకపోతే 'స', 'శ' పలికినప్పుడల్లా చీపురుతో ఊడ్చినట్టుంటుంది.

ఇక్కడే ఇంకొకటి. ఎఫెక్ట్స్ ఆక్స్ పోస్ట్ ఫేడర్‌లో (ఫేడర్ దించితే అదీ తగ్గేట్టు) ఉండాలి, మానిటర్ (పాడేవాళ్లకి వినిపించే బాక్సు) ఆక్స్ ప్రీ ఫేడర్‌లో (ఫేడర్‌తో పనిలేకుండా). తారుమారైతే గొంతు ఫేడర్ దించేసినా దెయ్యంలా ఎకో ఒక్కటే తిరుగుతుంటుంది. అప్పుడూ మిషన్‌నే తిడతారు.

అపోహ: ఎకో ఎంత ఎక్కువైతే గొంతు అంత తియ్యగా ఉంటుంది.

మన భాషకి ఇది మరీ ప్రమాదం. ఎందుకంటారా? 'అటు' అనండి. 'అట్టు' అనండి. రెండింటికీ తేడా ఎక్కడుంది? 'ట్టు' దగ్గర నాలుక అంగిలికి ఆని ఒక్క లిప్త ఆగుతుంది. ఆ ఆగినంతసేపూ నోట్లోంచి చప్పుడు రాదు. చెవి ఆ ఖాళీని పట్టుకునే ద్విత్వాన్ని గుర్తిస్తుంది. మూడు సెకన్ల హాల్ రెవర్బ్ పెట్టారనుకోండి, ముందున్న 'అ' తోక వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. 'అట్టు' కాస్తా 'అటు' అయిపోతుంది. అచ్చులదీ అదే గతి. పడు ఏదో, పాడు ఏదో తోకల్లో కలిసిపోతాయి. ముందు వరసలో బాక్సు పక్కన కూర్చున్నవాడికి తేడా తెలియదు. చివరి వరసలో ఉన్న మామ్మకి పాటలో ఒక్క మాట అర్థం కాదు. "ఏం పాడారో ఏమో, బాగానే పాడారు" అంటుంది.

నేను పెట్టేది చెప్తాను. మామూలు పాటకి డికే (తోక ఆరిపోవడానికి పట్టే సమయం) 1.2 నుంచి 1.8 సెకన్లు, నెమ్మది పాటకి 2 దాకా. ప్రీ డిలే 30, 40 మిల్లీసెకన్లు తప్పనిసరిగా. మాట ముందు బయటపడి, తోక తర్వాత రావాలి. రిటర్న్‌లో 250 హెర్ట్జ్ కింద కోత. ఇవి ఖాళీ మైదానంలో షామియానా కింద లెక్కలు. స్లాబు, టైల్స్, నాలుగు గోడలు ఉన్న కల్యాణ మండపంలో గదే ఎకో ఇస్తుంది, మీరు ఇవ్వక్కర్లేదు. రాతి మండపంలో చప్పట్లు కొట్టి చూడండి, మిషన్ సంచిలోనే ఉంచేయాలనిపిస్తుంది. 'హాల్' అని ప్రీసెట్ పేరుంది కదా, మనది ఫంక్షన్ హాల్ కదా అని అదే పెట్టేవాళ్లున్నారు. హాల్లో హాల్ ఎందుకు స్వామీ!

ప్రసంగానికి, హరికథలో వచనానికి ఎకో పూర్తిగా బంద్. మిషన్ వెనకాల ఫుట్‌స్విచ్ జాక్ ఉంటే స్విచ్ ఒకటి పెట్టుకోండి, లేదంటే పాట అవగానే రిటర్న్ మ్యూట్ నొక్కండి. వేలు ఆ బటన్ మీదే ఉండాలి.

ఇంత చెప్పాక కూడా పాడేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. నాలుగొందల మంది ముందు నిలబడి పొడి గొంతు వింటే ఎవరికైనా ధైర్యం సగం జారిపోతుంది. అందుకే "ఎకో పెంచండన్నా" అంటారు. పెంచండి, కానీ వాళ్ల మానిటర్లో. రిటర్న్ ఛానల్ నుంచి మానిటర్ ఆక్స్‌కి కొంచెం ఇస్తే చాలు, టెన్షన్ తగ్గి శ్రుతిలో పాడతారు. కిందున్న జనానికి మాత్రం మామూలుగానే వెళ్తుంది. (ఆ రిటర్న్ ఛానల్ మీద తిప్పేది మానిటర్ నాబో, ఎఫెక్ట్స్ నాబో రెండుసార్లు చూసుకోండి. పైన తెనాలి కథ చదివారు కదా.)

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఎర్ర లైటు వెలిగితే సౌండ్ 'ఫుల్లు'గా వస్తున్నట్టు కాదు. పాత అనలాగ్ మిక్సర్ కాస్త ఓర్చుకుంటుంది, డిజిటల్ మిషన్ ఓర్చుకోదు. సున్నా దాటిన మరుక్షణం అల తల నరికేస్తుంది, గరగర వస్తుంది. గట్టిగా పాడినప్పుడు మీటర్ మైనస్ 6 దగ్గర ఆగేట్టు ఇన్‌పుట్ పెట్టుకోండి. అలాగని ఇన్‌పుట్ మరీ తగ్గించి అవుట్‌పుట్ పెంచితే 'సుస్స్' మంటుంది.

వెనకాల +4, −10 అని సిగ్నల్ లెవెల్ మార్చే చిన్న స్విచ్ ఉంటే అది అలంకారానికి కాదు. +4 అంటే సుమారు 1.23 వోల్టులు, −10 అంటే 0.316 వోల్టులు. మధ్యలో దాదాపు 12 డీబీ తేడా. "కొత్త మిషన్ సౌండే రావట్లేదు" అన్న ఫోన్లలో కొన్ని ఈ స్విచ్‌వే. ఇంకొన్ని బైపాస్ (ఎఫెక్ట్ లేకుండా దాటించేసే) బటన్‌వి. నవ్వకండి, ఒక రిసెప్షన్లో గంటన్నర బైపాస్‌లోనే పెట్టి నాబ్‌లు తిప్పినవాణ్ని నేనే. ఆ రోజు గాయని వచ్చి "ఎకో ఇవాళ చాలా బాగుందండీ" అని కూడా చెప్పింది.

హమ్ (బాక్సుల్లో 'మ్మ్' అనే కరెంటు మోత) వస్తే ఎర్త్ పిన్ను పీకేయడం. దీన్ని అపోహ అనడానికి కూడా మనసు రావట్లేదు, నేరం అనాలి. పీకితే హమ్ పోవచ్చు, నిజమే. దాంతోపాటు గిటార్ తీగల మీద చెయ్యేసి మైక్‌కి పెదాలానించిన పిల్లాడూ పోవచ్చు. మిక్సర్, మిషన్ రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటివ్వండి, బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడండి, అప్పటికీ పోకపోతే మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. అదీ లేకపోతే ఆ పూట హమ్‌తోనే కానివ్వండి.

ఆఖరిది అడాప్టర్. "పిన్ను పట్టింది కదా, 9 వోల్టులే కదా" అని చేతికి దొరికింది గుచ్చేస్తారు. కొన్ని మిషన్లకి డీసీ కావాలి, అందులోనూ పిన్ను మధ్యలో మైనస్ ఉండేవి, ప్లస్ ఉండేవి వేరువేరు. కొన్ని పాత మిషన్లకి 9 వోల్టుల ఏసీయే కావాలి. నిజంగా పోయి నా దగ్గరికొచ్చిన ఆ కొన్ని మిషన్లలో ఎక్కువ ఇలా పోయినవే. అడుగున స్టిక్కర్ మీద రాసుంటుంది, చదవండి. మా రూములో ఒక డ్రాయరు నిండా అడాప్టర్లే. ప్రతిదాని మెడకీ తెల్ల టేపు చుట్టి, ఏ మిషన్‌దో మార్కర్‌తో రాసుంటుంది. ఎస్‌పీఎక్స్ 90కి ఆ బాధ లేదు, దాని ట్రాన్స్‌ఫార్మర్ దాని కడుపులోనే ఉంది.