లెక్కలో లేని మనుమలకు తాత ఉత్తరం

చిట్టికి, బాబుకు తాత ఆశీస్సులు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు చిట్టి ఫోన్‌లో మన ఊరి పేరు కొట్టి చూసి, "తాతా, నాలుగు లైన్లే ఉన్నయి" అని మొహం ముడుచుకుంది, గుర్తుందా? తాలూకా సిరోంచా, జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర, విస్తీర్ణం ఇన్ని హెక్టార్లు, ఇళ్లు ఇన్ని, మగవాళ్లు ఇంతమంది, ఆడవాళ్లు ఇంతమంది. అంతే. అప్పుడు పశువులు ఇంటికొచ్చే వేళ, నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నా.

ముందుగా, ఆ నాలుగు లైన్లలో మీరిద్దరూ లేరు. అవి 2011 జనగణన అంకెలు. 2021లో కావాల్సిన లెక్క కరోనాతో ఆగి, జరగనే లేదు. చిట్టి పుట్టింది 2012లో, బాబు ఇంకా తర్వాత. ఫోన్ లెక్కన మీరింకా పుట్టలేదన్నమాట! మళ్లీ లెక్కకు ఖరారు చేసిన తేదీ 2027 మార్చి 1. ఈలోపు చనిపోయిన మా అన్న ఆ అంకెలో ఇంకా బతికే ఉన్నాడు.

హెక్టార్ల సంగతి. హెక్టారంటే రెండున్నర ఎకరాలకు కాస్త తక్కువ. వంద హెక్టార్లయితే ఒక చదరపు కిలోమీటరు. ఆ విస్తీర్ణంలో ఇళ్లున్న జాగా, మనవాళ్లు గావ్‌ఠాణ్ అనేది, పిడికెడు. మిగతాదంతా పొలాలు, చెరువు, ఒర్రె, బీడు. జనాభాను విస్తీర్ణంతో భాగించి "చదరపు కిలోమీటరుకు ఇంతమంది" అని పరీక్షలో రాస్తే మార్కులొస్తాయి గానీ, ఊరు అట్లా పరచుకుని ఉండదు. గోడకు గోడ ఆనించుకుని ఒక్కచోటే ఉంటాం.

ఎందుకంటే నది. వార్ధా, వైన్‌గంగా కలిస్తే ప్రాణహిత. అది సిరోంచా పక్కగా దిగి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇంకా కిందికి పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి చేరుతుంది. మే నెలలో చూస్తే ప్రాణహితలో ఇసుకే ఎక్కువ, పిల్లలు నడిచి దాటుతారు. అదే 2022 జూలైలో గోదావరి నిండుగా ఉండి ప్రాణహితను లోపలికి రానివ్వలేదు. ఆ నీళ్లు వెనక్కి తన్ని, మన ఒర్రెలోంచి ఎదురెక్కి పత్తి చేలల్లోకి వచ్చాయి. ఎక్కడో పడిన వాన నీళ్లు కూడా మన చేలల్లోకే వచ్చాయి. పాతవాళ్లు మిట్ట మీద ఇళ్లు కట్టుకుని పల్లం పొలాలకు ఎందుకు వదిలారో ఆ రాత్రి నాకు బాగా తెలిసింది.

ఇంకో వింత. విదర్భ రికార్డుల్లో కొన్ని ఊళ్ల పేరు పక్కన "రిఠీ" అని ఉంటుంది. జనాభా సున్నా. నది అవతల తెలంగాణలో మన చుట్టాల దగ్గర అట్లాంటి ఊరిని బేచిరాకు అంటారు, చిరాగు లేని ఊరు, అంటే దీపం పెట్టే దిక్కు లేనిది. మనుషులు పోయినా పొలాలకు సర్వే నంబర్లున్నాయి కాబట్టి తలాఠీ, అంటే ఊరి భూముల లెక్క రాసే ఉద్యోగి, పుస్తకంలో అది ఊరే.

ఇక జనం లెక్క. 2011లో మన వాడకు లెక్క రాసింది నేనే, అప్పటికింకా బడిలో నౌకరీ. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా గడువు. అప్పుడే ఏటి అవతల మిరప ఏరే రోజులు. చివరి ఇంటికి తాళం. ముందటేడు తలుపు మీద నేనే జాజుతో రాసిన నంబరు కనిపిస్తోంది, గడప ముంగట కోళ్లు తప్ప ఎవరూ లేరు. పక్కింటి ముసలమ్మ "మిరపకాయ ఏరవోయిండ్రు సారూ, ఉగాదికి గాని రారు" అంది. ఆ ఇరవై రోజుల్లో ఒక్కరోజైనా ఇంట్లో ఉంటే ఇక్కడ రాయాలి, మొత్తం బయటే ఉంటే ఉన్నచోట రాయాలి, అదీ నియమం. చేను గట్టున తాటాకు గుడిసెలో వాళ్లను ఎవరైనా రాశారో లేదో ఇప్పటికీ అనుమానమే. నా కాగితంలో మాత్రం ఐదుగురు తగ్గారు.

మీ నాయనమ్మనే అడిగాను, "ఏడాదిలో ఏమన్నా పని చేసినవా?" అని. "నాకేం పని, ఇంట్లనే ఉంట" అంది. చేతులేమో తునికాకు కట్టలు కట్టీ కట్టీ కాయలు కాసి ఉన్నాయి. ఆరు నెలలకు తక్కువ పని చేసినవాళ్లకు వేరే గడి ఉంటుంది. నాట్లు, కలుపు, ఇప్పపువ్వు, తునికాకు, అన్నీ కలిపి చూశాను. ఆరు నెలలు దాటింది. పనిచేసే మనిషి అనే రాశాను. ఆమెకు ఇప్పటికీ నమ్మకం లేదు.

భాష దగ్గర ఇంకో తకరారు. మరాఠీ బడికి పోయే ఒక పిల్లాడు ఛాతీ విరుచుకుని "మరాఠీ" అన్నాడు. వాళ్ల అవ్వ లోపల్నుంచి "ఒరేయ్, నీకు ఉగ్గు పోసినప్పుడు నేను మరాఠీల జోకొట్టిన్నారా?" అని కేకేసింది. ఆమె చెప్పిందే సరి. చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే మాతృభాష గడిలో రాయాలి. మన వాడలో తెలుగు, అవతలి వాడలో మాడియా. ఊరి లైన్లలో ఇదేదీ కనబడదు, భాషల పట్టిక తాలూకా దగ్గరే ఆగిపోతుంది.

ఈసారి మిమ్మల్ని చంద్రపూర్‌లోనే రాస్తారు, ఊరి లెక్కలో కాదు. బాబూ, వచ్చినాయన మరాఠీలోనే అడుగుతాడు, మరాఠీలోనే జవాబు చెప్పు, తెలుగు అని.

మీ నాన్నతో రెండు కిలోల ఎండుమిర్చి పంపుతున్నా. ఆ చివరి ఇంటివాళ్లు ఏటి అవతలి నుంచి తెచ్చినవే. ఘాటు ఎక్కువ, అమ్మను చూసి వేయమను.

మీ తాత