బాబాయి ఊదింది నోటితో, లెక్క రక్తానిది

చిన్నూ, బన్నీ,

మొన్న పెళ్లి నుంచి వస్తుంటే జూబ్లీహిల్స్‌లో, బాబాయి తాగి నడుపుతున్నాడేమో చూడ్డానికి పోలీసులు కారు ఆపారు కదా. కానిస్టేబుల్ కవర్ చింపి కొత్త గొట్టం బ్రెత్ ఎనలైజర్ మిషన్‌కి తగిలించాడు, బాబాయి బుగ్గలు ఉబ్బించి ఊదాడు. సున్నా కనబడేదాకా మీ ఇద్దరూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నారు. తర్వాత బన్నీ అడిగింది, "తాతయ్యా, అది వాసన చూస్తుందా?" అని. నిద్రమత్తులో "ఆఁ, అలాంటిదే" అనేశాను. ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాడు ఇవ్వాల్సిన జవాబు కాదది.

వాసన చూడదు. తాగిన మందు పొట్టలోంచి, ఎక్కువగా చిన్నపేగుల్లోంచి రక్తంలోకి చేరుతుంది. ఆ రక్తం ఊపిరితిత్తులకు వెళ్లినప్పుడు కొంత ఆల్కహాల్ ఆవిరై ఊపిరిలో కలుస్తుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్నంత ఆల్కహాల్ సుమారు 2100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉంటుందని లెక్క. "ఆపకుండా ఊదండి, ఇంకా, ఇంకా" అని కానిస్టేబుల్ తొందరపెట్టింది అందుకే. లోతుల్లోంచి వచ్చే ఊపిరి కావాలి. యాలకులు, సోంపు, కిళ్లీ పక్కవాడి ముక్కును మోసం చేస్తాయేమో గానీ, ఈ మిషన్ దగ్గర వాటి పప్పులుడకవు.

లోపల ప్లాటినం పూసిన చిన్న పలక ఉంటుంది. దానిమీద ఆల్కహాల్ అసిటిక్ ఆమ్లంగా మారుతుంది, అదే మన వెనిగర్‌లో ఉండేది. మారేటప్పుడు కాస్త కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఎంతో, తెర మీద అంకె అంత. పాత పద్ధతి ఇంకా అందంగా ఉండేది. 1954లో అమెరికాలో బోర్కెన్‌స్టైన్ అనే పోలీసు శాఖ ఆయన చేసిన మిషన్‌లో పొటాషియం డైక్రోమేట్ నారింజ రంగు మెల్లగా ఆకుపచ్చకు తిరిగేది. ఆ రంగు మార్పు ల్యాబ్‌లో చూపించిన రోజు వెనక బెంచీలవాళ్లు కూడా ముందుకొచ్చి నిలబడేవారు.

మిషన్ కూడా ఒక్కోసారి పొరబడొచ్చు, నోట్లోనే తాజాగా ఆల్కహాల్ ఉంటే. అది నాకే జరిగింది! ఆయుర్వేద మందు దశమూలారిష్టం రెండు చెంచాలు తాగి స్కూటర్ తీశాను, సందు మలుపులోనే ఆపారు. అరిష్టాల్లో పులిసినప్పుడు పుట్టే ఆల్కహాల్ ఉంటుంది మరి. అంకె చూసి నేను బిక్కచచ్చిపోతే, ఆయన నోరు పుక్కిలించమని పావుగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదించాడు. సున్నా. మీ నానమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది.

ఇక హద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఇంగ్లండులో 80, స్వీడన్‌లో 20. ఇక్కడ మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ల వరకు, 15,000. తాగినట్టు అనుమానం ఉండి కూడా ఊదనని మొండికేస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. మన ఊళ్లో దొరికినవాళ్లకు ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్ కూడా ఉంటుంది, ఇంటివాళ్లను వెంట తెచ్చుకోమంటారు. జరిమానా కంటే అదే పెద్ద శిక్షని నా అనుమానం.

చాలామంది పెద్దలకే తెలియని సంగతి ఇంకొకటుంది. చిన్నూ, కాగితం తీసుకో. అర్ధరాత్రి పార్టీ ముగిసేసరికి ఒకాయన 100 మిల్లీలీటర్ల రక్తంలో 150 మిల్లీగ్రాములు ఉందనుకో. కాలేయం గంటకు దాదాపు 15 తగ్గిస్తుంది, మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. ఫిల్టర్ కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, మజ్జిగలో నిమ్మకాయ పిండుకున్నా దాని పని అంతే, గవర్నమెంటు ఆఫీసు ఫైలులాగా. పొద్దున ఏడింటికి ఎంతుంటుంది? ఏడు పదిహేన్లు నూటఐదు. ఇంకా 45! ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల కూడా నొప్పి లేదంటూ తాళాలు తీసుకుంటాడు.

వచ్చే శనివారం రాత్రి బాబాయి స్నేహితుల పార్టీ అట. ఆదివారం ఏడింటికి చిన్నూ క్రికెట్ కోచింగ్ ఉంది, దింపేది బాబాయే కదా. ఆరున్నరకు గేటు దగ్గర నిలబడండి, ఆటో మాట్లాడాను, నేనూ అందులోనే వస్తాను. డబ్బులు బాబాయి దగ్గర వసూలు చేస్తాను.

మీ తాతయ్య