డకోటాకు నిజంగా వయసైపోయిందా? పాత విమానాలపై అపోహలు – వాస్తవాలు

విమానాల మరమ్మతు ఇంజనీరుగా పనిచేసి, విరమణ తరువాత తిరుపతిలో స్థిరపడిన నన్ను ఇక్కడి ఇంజనీరింగ్ విద్యార్థులు, ఉదయపు నడకలో కలిసే మిత్రులు ప్రయాణికుల పాత విమానాల గురించి తరచుగా అడుగుతుంటారు. నేను పని నేర్చుకున్నది డకోటాల మీద, అంటే రెండు ప్రొపెల్లరు ఇంజన్లతో నడిచే పాతకాలపు విమానాల మీద. తరువాత అలాంటి వాటిని విప్పి, బాగుచేసి, తిరిగి నిలబెట్టే పనిలోనూ పాలుపంచుకున్నాను. బేగంపేట నుంచి నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాలే వాడింది. 1953లో అది మరి ఏడు సంస్థలతో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైంది.

అపోహ: ఏళ్లు పైబడిన విమానం ఎగరడానికి పనికిరాదు.

మేము విమానం వయసును క్యాలెండరు చూసి మాత్రమే లెక్కించము. అది ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు నేలకు దిగింది, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెంచే రకమైతే ఎన్నిసార్లు ఆ ఒత్తిడికి లోనైంది అన్నవే అసలు లెక్కలు. డకోటాకు మూలమైన డగ్లస్ డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. దాని క్యాబిన్‌లో ఒత్తిడి పెంచరు కాబట్టి ప్రతి ప్రయాణంలోనూ ఒళ్లు ఉబ్బి తగ్గే బాధ దానికి లేదు. రెక్కలోని బరువు కూడా ఒక్క దూలం మీదే పడకుండా అనేక భాగాలు పంచుకునేలా దాన్ని కట్టారు. ఇందుకు భిన్నంగా, 1954 జనవరి 10న ఎల్బా దీవి దగ్గర సముద్రంలో కూలిన కామెట్ జెట్ విమానానికి వయసు మూడేళ్లే. గాలి ఒత్తిడితో అది చేసిన ప్రయాణాలు 1,290 మాత్రమే. లోహపు అలసట, అంటే పదేపదే పడే ఒత్తిడికి లోహం బలహీనపడడం, దాన్ని చీల్చింది.

అపోహ: కామెట్ కూలడానికి చతురస్రపు కిటికీలే కారణం.

విద్యార్థులు నాకు ఒప్పజెప్పే మాట ఇది. సముద్రం నుంచి తీసిన శకలాల్లో చీలిక మొదలైన చోటు ప్రయాణికుల కిటికీ కాదు, పైకప్పు మీద దిశ తెలిపే రేడియో ఏరియల్ కోసం కోసిన రంధ్రపు మూల. నీటి తొట్టిలో పరీక్షించిన మరో కామెట్ మాత్రం పక్క గోడలోని కోత మూల దగ్గరే పగిలింది, కాబట్టి ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు.

అపోహ: ఎగరకుండా షెడ్డులో భద్రంగా ఉన్న విమానం చెడిపోదు.

నా అనుభవంలో ఎగరని విమానమే త్వరగా పాడవుతుంది. డకోటా ఇంజను అయిన ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్‌లో 14 సిలిండర్లు రెండు వరుసల్లో గుండ్రంగా అమర్చి ఉంటాయి. ఇంజను ఆగాక నూనె మెల్లగా కిందివైపు సిలిండర్లలోకి దిగుతుంది. అందుకే స్టార్టు చేసే ముందు ప్రొపెల్లరు రెక్కలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూస్తారు. రెక్క మధ్యలో బిగుసుకుంటే బలం ఉపయోగించకూడదు. నూనె గాలిలాగా కుదించుకోదు కాబట్టి, మొండిగా తిప్పితే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కింది సిలిండర్ల స్పార్కు ప్లగ్గులు విప్పి, నూనెను పళ్లెంలోకి కారనిచ్చి, ఆ తరువాతే మళ్లీ తిప్పాలి. స్టార్టయిన వెంటనే గుప్పున వచ్చే పొగను చూసి కొత్తవారు బెదిరిపోతారు గాని, అది మిగిలిన నూనె కాలుతున్న పొగే.

విమానం శరీరం సంగతి ఇంజను కంటే కష్టం. నేల పలకల కింద, ముఖ్యంగా మరుగుదొడ్డి ఉండే చోట, తేమ చేరి అల్యూమినియం పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. రెక్క మీద రేకులను కలిపి బిగించే ఒక రివెట్టు తల వెనక, గాలి పోయే దిశలో, కాటుక చెదిరినట్టు సన్నటి నల్లని చార కనిపిస్తే ఆ రివెట్టు వదులై రేకుతో రాపిడి పడుతోందని అర్థం. రేణిగుంట వైపు ఉండే పొడి వేడి లోహానికి చెన్నై సముద్రపు గాలి కంటే మేలే, కానీ రబ్బరు గొట్టాలకు, టైర్లకు అది శత్రువు. వేగాన్ని కొలిచే పిటట్ గొట్టానికి తొడుగు వేయడం మరిచిపోతే కందిరీగ అందులో మట్టిగూడు కడుతుంది, ముల్లు తప్పు వేగం చూపిస్తుంది.

అపోహ: రివెట్లను ఎర్రగా కాల్చి కొడతారు.

రైల్వే క్యారేజ్ షాపులో పనిచేసిన మిత్రుడొకరు, "కాల్చకుండా రివెట్టు దిగుతుందా స్వామీ?" అని నాతో చాలాసేపు వాదించారు. వంతెనల ఉక్కు రివెట్ల విషయంలో ఆయన మాట నిజమే. విమానంలో వాడే గట్టి రకం అల్యూమినియం రివెట్లను కొలిమిలో వేడిచేసి, నీటిలో చల్లార్చి, వెంటనే ఫ్రీజరులో పెడతారు. చలిలో ఉన్నంతసేపు అవి మెత్తగా ఉంటాయి. బయటకు తీశాక గట్టిపడతాయి కాబట్టి సుమారు ఇరవై నిమిషాల్లో కొట్టేయాలి. బయట ఒకరు రివెట్టు గన్ను పట్టుకుంటే, లోపల మరొకరు ఉక్కు దిమ్మను కాడకు ఆనించి పట్టుకుంటారు. ఆ మోతలో మాట వినబడదు, మనిషి కనబడడు. లోపలివారు రేకు మీద ఒకసారి తడితే మళ్లీ కొట్టమని, రెండుసార్లు తడితే బాగా దిగిందని, మూడుసార్లు తడితే చెడిందని, తీసేయాలని అర్థం.

అపోహ: డకోటా అంతా లోహమే.

విమానాన్ని అదుపు చేయడానికి రెక్కలకు, తోకకు ఉండే కదిలే పలకలు – ఐలెరాన్లు, ఎలివేటర్లు, రడ్డరు – లోహపు చట్రం మీద గుడ్డ బిగించి, దాన్ని బిగువుగా చేసే డోప్ అనే పూత పూసినవే. ఒకప్పుడు నూలు గుడ్డ, ఇప్పుడు ఎక్కువగా పాలిస్టరు.

అపోహ: ఆనాటి విమాన ప్రయాణం రాజభోగం.

తోక చక్రం మీద వాలి నిలిచే విమానం కాబట్టి, వెనక తలుపులోంచి ఎక్కినవారు ముందు సీటుకు చేరాలంటే ఎగువకు నడిచినట్టే ఉండేది. సాధారణంగా పది వేల అడుగుల లోపే ఎగరాలి, కాబట్టి మబ్బులను దాటి పైకి పోయే వీలుండేది కాదు. వేసవి మధ్యాహ్నం మద్రాసు నుంచి బెంగుళూరు వెళ్తుంటే కాలిన బండల నుంచి లేచే వేడిగాలికి విమానం ఎగిరెగిరి పడేది, వాంతి సంచులకు పని పడేది. ఇంజన్ల మోతకు చెవుల్లో దూది పెట్టుకునేవారు. అయినా కుడివైపు కిటికీలోంచి చిత్తూరు కొండలు, వాటి మధ్య గొలుసుకట్టు చెరువులు కనిపించిన తీరు నేటి జెట్ విమానాల్లో దొరకదు.  

అపోహ: తోక మీది నంబరే విమానానికి గుర్తింపు.

2018లో మన వైమానిక దళంలో చేరిన 'పరశురామ' డకోటా మీద వీపీ 905 అన్న సంఖ్య చూసి, 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు సైనికులను శ్రీనగర్‌లో దించిన విమానం ఇదేనని చాలామంది నమ్ముతారు. ఆ విమానం గౌరవార్థం ఆ సంఖ్య వేశారు గాని, ఇది వేరే విమానం. డకోటా పైలట్ అయిన ఎయిర్ కమోడోర్ ఎం.కె. చంద్రశేఖర్ కుమారుడు రాజీవ్ చంద్రశేఖర్ దీన్ని కొని, బ్రిటన్‌లో బాగుచేయించి బహూకరించారు. విమానం అసలు ఏదో చెప్పేది తయారీదారు బిగించిన చిన్న పలక, దానితో సరిపోయే లాగ్‌బుక్కులు, అంటే విమానం చరిత్ర రాసిన పుస్తకాలు. ఏ బోల్టు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితం లేకపోతే, అది తళతళలాడే కొత్త బోల్టయినా ఎగిరే విమానంలో బిగించకూడదు. అందుకే పాత విమానం కొనడానికి సలహా అడిగేవారిని ముందు ఆ పుస్తకాలు తెచ్చి చూపమంటాను. అవి లేవంటే, ప్రదర్శనకు పెట్టుకోమని చెప్పి పంపేస్తాను.