యూరిన్ రిపోర్టులో ఆ 'లక్ష' ఎక్కడి నుంచి వచ్చింది?

కిందటి వేసవిలో గుంటూరులో మా పెద్దమ్మ ఉండే వృద్ధాశ్రమం నుంచి ఫోన్ వచ్చింది. యూరిన్ వాసన వస్తోందని కల్చర్ (మూత్రంలో ఏ క్రిములు ఎన్ని ఉన్నాయో చూసే పరీక్ష) చేయించారట, ఈ.కోలై అనే క్రిమి లక్షకు పైన ఉందట, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టేశారట. జ్వరం లేదు, మంట లేదు, పొత్తికడుపులో నొప్పి లేదు. ఐదో రోజుకు విరేచనాలు పట్టుకుని మనిషి మంచం దిగలేకపోయింది. ఆ ల్యాబ్ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, లక్ష అన్న అంకె కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు.

ఈ లక్ష 1956 నాటిది. మూత్రం పట్టేటప్పుడు చర్మం మీది క్రిములూ అందులో కలుస్తాయి కదా, అలా కలిసినవేవో, నిజంగా మూత్రాశయంలో ఉన్నవేవో తేల్చడానికి బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే డాక్టర్ మిల్లీలీటరుకు లక్ష అని హద్దు పెట్టారు. క్రిములు ఉన్నాయా లేవా అన్నంత వరకే అది చెబుతుంది, మందు వెయ్యాలా వద్దా అన్నది చెప్పదు. గర్భిణులకు మాత్రం ఏ బాధా లేకపోయినా మందు ఇస్తే కిడ్నీ ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని తేలింది, అందుకే వాళ్లకు ఆ పరీక్ష ఇప్పటికీ చేస్తారు. అదే పద్ధతి వృద్ధులకూ అంటించేశారు, చిక్కంతా అక్కడే.

కెనడాలోని విన్నిపెగ్‌లో లిండ్సే నికోల్ బృందం నర్సింగ్ హోముల్లాంటి చోట్ల ఉండే వృద్ధ మహిళల్లో కొందరికి మందులిచ్చి, కొందరికి ఇవ్వకుండా ఏడాది పాటు చూసి 1987లో ఫలితాలు ప్రచురించింది. మందు వాడినందుకు ఆయుష్షేమీ పెరగలేదు, పైగా సైడ్ ఎఫెక్టులు, మందులకు లొంగని క్రిములు ఎక్కువయ్యాయి. అలాంటి చోట్ల ఉండే ఆడవాళ్లలో 25 నుంచి 50 శాతం మందికి ఏ బాధా లేకుండానే ఈ క్రిములుంటాయి, యూరిన్ పైపు నెలల తరబడి ఉంటే దాదాపు అందరికీ ఉంటాయి. రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు) కనిపించినా అంతే, అవొక్కటే చూసి ఇన్ఫెక్షన్ అనుకోకూడదు. అమెరికా ఇన్ఫెక్షియస్ డిసీజెస్ సొసైటీ 2005లోనూ 2019లోనూ, ఏ బాధా లేకపోతే వీళ్లకు పరీక్షే చెయ్యొద్దని రాసింది (మూత్రనాళంలో ఆపరేషన్ చేసే ముందు సంగతి వేరు). పెద్దాయన ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్నా, జ్వరం గానీ మూత్రంలో మంట గానీ లేకపోతే ముందు వేరే కారణాలు వెతకమని 2019లో స్పష్టంగా చెప్పింది. చలితో జ్వరం వస్తే మాత్రం డాక్టర్‌కు చూపించడానికి ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఈ వేసవిలో మళ్లీ వాసన అని ఫోన్ చేశారు. జ్వరం, మంట ఉన్నాయా సిస్టర్ అని అడిగాను, లేవన్నారు. అయితే శాంపిల్ పంపకండి, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతోందో రాసిపెట్టండి అన్నాను. మూడు తాగుతోందట, మన గుంటూరు ఎండల్లో.