నీటి అడుగున రంగు సౌర ఘటాలు: అపోహలు, వాస్తవాలు

బ్రయన్ ఓరీగన్, మైకేల్ గ్రాట్జెల్ 1991లో ప్రకటించిన డై-సెన్సిటైజ్డ్ సౌర ఘటంలో కాంతిని పట్టుకునేది సిలికాన్ కాదు, టైటానియం డయాక్సైడ్ సూక్ష్మ కణాలకు అంటుకున్న రంగు అణువులు. నీటిలో ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచే సెన్సర్లకు ఈ ఘటాలతో విద్యుత్తు అందించే పనిలో ఉన్నందున, తరచూ వినబడే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఎండలో ఎక్కువ సామర్థ్యం చూపిన ఘటమే నీటిలోనూ మేలు.

వాస్తవం: ప్రామాణిక పరీక్షలో చదరపు మీటరుకు 1000 వాట్ల చొప్పున, పరారుణ కిరణాలతో సహా సూర్యకాంతి అంతా ఘటం మీద పడుతుంది. నీరు ఆ కాంతిని అన్ని రంగుల్లోనూ ఒకేలా తగ్గించదు. స్వచ్ఛమైన నీటిలో సైతం 750 నానోమీటర్ల (ఎరుపు చివరి అంచు) కాంతిలో అధిక భాగం మొదటి మీటరులోనే ఇంకిపోతుంది. నీలికాంతి మాత్రం పదుల మీటర్ల లోతుకు చేరుతుంది. తీరానికి దగ్గరగా, నాచు, సేంద్రియ పదార్థాలు ఎక్కువగా ఉన్నచోట నీలం కూడా తగ్గి ఆకుపచ్చ మిగులుతుంది. అందువల్ల సెన్సర్ ఏ నీటిలో, ఎంత లోతులో ఉండబోతుందో తెలిశాకే ఘటంలోని రంగు అణువును ఎంచుకోవాలి. అణువును మార్చి శోషణను కావలసిన చోటికి జరుపుకోగలగడమే ఈ ఘటాల అసలు బలమని నా నమ్మకం.

అపోహ: తగిన రంగు దొరికితే పని పూర్తయినట్టే.

వాస్తవం: ఎక్కువ మంది పట్టించుకోనిది, ఘటం లోపల అయాన్ల ద్వారా విద్యుదావేశాన్ని మోసే పదార్థమైన ఎలక్ట్రోలైట్‌ను. సంప్రదాయ అయోడైడ్ ద్రావణంలో ఉండే ట్రైఅయోడైడ్ నీలికాంతిని తానే పీల్చుకుంటుంది. అంటే నీటి అడుగున మిగిలిన కొద్దిపాటి కాంతికి రంగుతో పోటీ పడుతుంది. దాని బదులు కోబాల్ట్ లేదా రాగి సంక్లిష్టాలను (లోహ అయాను చుట్టూ ఇతర అణువులు అంటుకున్న సమ్మేళనాలను) వాడితే ఈ నష్టం తగ్గుతుంది, వోల్టేజీ కూడా పెరుగుతుంది. అయితే కోబాల్ట్ సంక్లిష్టాలతో, విద్యుత్తును సేకరించే వాహక గాజు నుంచి ఎలక్ట్రాన్లు ఎలక్ట్రోలైట్‌లోకి వెనక్కి జారిపోవడం ఎక్కువవుతుంది. నిండు ఎండలో ఈ లీకేజీ మొత్తం కరెంటులో చిన్న భాగమే కావచ్చు, కానీ మసక వెలుతురులో అదే వోల్టేజీని పడగొడుతుంది. కనుక గాజు మీద రంధ్రాలు లేని పలుచని టైటానియం డయాక్సైడ్ పొరను ముందుగా వేయడం తప్పనిసరి. ఇదే మసక వెలుతురు మరోవైపు మనకు కలిసొస్తుంది: కరెంటు తక్కువ కావడంతో, అయాన్లు నెమ్మదిగా కదిలే జెల్ ఎలక్ట్రోలైట్ కూడా ఇక్కడ సరిపోతుంది, పైగా అది ద్రవంలా సులభంగా కారదు.

అపోహ: ఒక్క నీటిచుక్క లోపలికి చేరినా ఘటం పాడైపోతుంది.

వాస్తవం: నీటినే ద్రావణిగా వాడిన ఘటాలు ప్రయోగశాలల్లో పనిచేశాయి. ప్రమాదమంతా అదుపు లేకుండా చొరబడే ఉప్పునీటితోనే. అది రంగు అణువులను టైటానియం డయాక్సైడ్ కణాలకు అంటిపెట్టే కార్బాక్సిల్ సమూహాల పట్టును సడలిస్తుంది, లోహపు కనెక్షన్లను తినేస్తుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. నింపేటప్పుడు లోపల గాలి బుడగ మిగిలిపోతే, అది కుంచించుకుపోయే కొద్దీ గాజు వంగి, సీలు అంచుల మీద ఒత్తిడి పడుతుంది.

అపోహ: ఘటం బాగుంటే బ్యాటరీ అక్కరలేదు.

వాస్తవం: రాత్రి కాంతి ఉండదు, ధ్వని తరంగాలతో సమాచారం పంపే మోడెమ్‌కు పంపుతున్న ఆ కాసేపట్లోనే ఘటం ఇవ్వగలిగిన దానికంటే ఎన్నో రెట్లు శక్తి కావాలి. శక్తిని నిల్వచేసే సూపర్ కెపాసిటర్ గానీ బ్యాటరీ గానీ ఉండాల్సిందే.

అపోహ: గాజు పారదర్శకంగా ఉంటే చాలు.

వాస్తవం: సముద్రంలో ముంచిన ఏ ఉపరితలం మీదనైనా సూక్ష్మజీవుల పొర పేరుకుంటుంది. అందులోని నాచు సరిగ్గా మనకు కావలసిన నీలికాంతినే తీసుకుంటుంది కాబట్టి, శుభ్రపరిచే ఏర్పాటును మొదటి నమూనాలోనే చేర్చాలి, పరీక్షలను కూడా వారాల తరబడి అసలైన సముద్రపు నీటిలోనే జరపాలి.