నాలుగు కొసల నీలిపువ్వు

వినాయక చవితి పూజకు వాడే 21 పత్రిలో విష్ణుక్రాంతం ఒకటి. ఆ పేరు చెప్పి కొందరు బీడు భూముల్లో నేలబారుగా పెరిగే సన్నటి మొక్కను చిన్న చిన్న నీలిపువ్వులతో సహా కోసుకొస్తారు. మరికొందరు కంచె మీద అల్లుకున్న శంఖపుష్పం తీగ ఆకులు తెస్తారు. రెండింటి పువ్వులూ నీలమే కాబట్టి పేర్లు సులువుగా కలిసిపోయాయి. మూలికల అంగడిలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. ఆయుర్వేదంలో ‘శంఖపుష్పి’ అనే పేరుతో ఉత్తరాదిలో ప్రధానంగా కన్వాల్వ్యులస్ అనే మొక్కను వాడతారు, కేరళలో మన శంఖపుష్పాన్ని వాడతారు, కొన్నిచోట్ల విష్ణుక్రాంతమూ అదే పేరుతో చెలామణీ అవుతుంది. దేవుడి ముందు పెట్టే పత్రి మారితే ఒంటికి వచ్చే నష్టమేమీ లేదు. కానీ కషాయం కాచి తాగేది ఏ మొక్కో తెలియకపోతే మాత్రం అది నిజంగా ప్రమాదమే.

విష్ణుక్రాంతం శాస్త్రీయ నామం ఎవాల్వ్యులస్ ఆల్సినాయిడిస్. దీన్ని ఆకు చూసి గుర్తుపట్టాలంటే కష్టం. ఒకచోట ఆకు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ఇంకోచోట కోలగా ఉంటుంది. ఒంటి మీద నూగు దట్టంగా ఉన్న మొక్కలూ ఉన్నాయి, పలచగా ఉన్నవీ ఉన్నాయి. 1934లో ఎవాల్వ్యులస్ ప్రజాతి (దగ్గరి చుట్టరికమున్న జాతుల గుంపు) మీద సమగ్ర గ్రంథం రాసిన డచ్ శాస్త్రవేత్త వాన్ ఊస్ట్‌స్ట్రోమ్ ఈ ఒక్క జాతిలోనే ఎన్నో ఉపభేదాలను వివరించాడు. అంత మారిపోయే ఆకును నమ్ముకుని పేరు ఖాయం చేయకూడదు. పువ్వును విప్పి చూడాలి.

అందుకు పెద్ద సరంజామా అక్కర్లేదు. 10 రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం, ఒక గుండుసూది, తెల్లకాగితం చాలు. ఉదయమే వెళ్లాలి, ఎండ ముదిరాక ఈ పువ్వు ముడుచుకుపోతుంది.

ముందుగా శంఖపుష్పాన్ని పక్కన పెట్టేయొచ్చు. అది చిక్కుడు కుటుంబానికి చెందినది. రేకులు ఐదూ ఒక్క తీరుగా ఉండవు. ఒకటి బాగా పెద్దది, రెండు పక్కలకు, మిగిలిన రెండూ కలిసి లోపల చిన్న దోనెలా ఉంటాయి. పుప్పొడినిచ్చే పది కేసరాల్లో తొమ్మిది కాడల దగ్గర కలిసిపోయి, ఒకటి విడిగా ఉంటుంది. ఇందులో నాకు చాలా ఇష్టమైన విశేషం ఇంకొకటి ఉంది. చిక్కుడు, బఠాణీ పువ్వుల్లో పెద్ద రేకు పైన నిలబడితే, శంఖపుష్పంలో అది కింద పరుచుకుని ఉంటుంది. అంటే పువ్వు మొత్తం తలకిందులైంది. కేసరాలు పై వైపుకి రావడంతో, లోపలికి దూరిన తేనెటీగ వీపుకి పుప్పొడి అంటుకుంటుంది.

ఇక విష్ణుక్రాంతం. పువ్వు వెడల్పు సుమారుగా ఒక సెంటీమీటరు లోపే. పై నుంచి చూస్తే ఐదు రేకులున్నట్టు అనిపిస్తుంది, కానీ నెమ్మదిగా లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడివస్తుంది. రేకులన్నీ అడుగున కలిసిపోయి ఉన్నాయన్నమాట. ఐదు కేసరాలు కూడా దానికే అంటుకుని వచ్చేస్తాయి. వెన్నదేవికూర నీలిపువ్వుని ఇలా లాగితే మూడు రేకులు వేటికవే విడివిడిగా వస్తాయి, కాబట్టి ఆ అనుమానమూ ఇక్కడే తీరిపోతుంది. కలిసిపోయిన రేకులు, వాటికి అతికిన ఐదు కేసరాలు, రేకుల మొదలు కంటే పైన ఉండే అండాశయం (గింజలు తయారయ్యే భాగం) – ఈ లక్షణాలను కలిపి చూస్తే మనం చిలగడదుంప కుటుంబం వైపు వచ్చామని అర్థమవుతుంది.

రేకుల గొట్టం ఊడిపోయాక కాడ చివర ఐదు రక్షకపత్రాల మధ్య పచ్చటి చిన్న అండాశయం మిగులుతుంది. అసలు చూడాల్సింది ఇదే. దాని మీద నుంచి లేచే సన్నటి పోగుల్ని కీలాలంటారు, పుప్పొడిని అందుకునే వాటి కొసలు కీలాగ్రాలు. చిలగడదుంప, తూటికూర పువ్వుల్లో కీలం ఒక్కటే, దాని కొసన ఉండేది గుండ్రటి బుడిపె. కన్వాల్వ్యులస్‌లోనూ కీలం ఒక్కటే, కానీ కొస రెండు సన్నటి పాయలుగా చీలి ఉంటుంది. విష్ణుక్రాంతంలో మొదటినుంచే కీలాలు రెండు. ఒక్కొక్కటీ మళ్లీ రెండుగా చీలుతుంది. భూతద్దంలో నాలుగు తెల్లటి పోగులు నాలుగు వైపులా చాచుకుని కనిపిస్తాయి. అవి లెక్కపెడితే ఉత్తరాది శంఖపుష్పికీ మన విష్ణుక్రాంతానికీ మధ్య ఉన్న చిక్కు విడిపోతుంది.

ఈ లెక్క స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ అంతటివాడి చేత నిర్ణయం మార్పించింది. 1753లో ఆయన ఈ మొక్కను కన్వాల్వ్యులస్‌లోనే చేర్చాడు. 1762 నాటికి విడదీసి ఎవాల్వ్యులస్ అనే కొత్త ప్రజాతిలో పెట్టాడు. కేసరాలనూ కీలాలనూ లెక్కపెట్టి మొక్కల్ని వర్గీకరించడం ఆయన పద్ధతి. నిజానికి ఆ పద్ధతి చాలాసార్లు చుట్టరికం లేని మొక్కల్ని ఒకే గుంపులో పడేసింది, అందుకే తర్వాతి తరాలు దాన్ని వదిలేశాయి. అయినా పువ్వు లోపలి భాగాలను అంత శ్రద్ధగా చూడటం నేర్పినందుకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

పువ్వు మీద ఇంత నమ్మకం ఎందుకంటే, ఆకు తిండి తయారుచేసే భాగం. నీళ్లు, ఎండ, నేల ఎలా ఉంటే దానికి తగ్గట్టు దాని పరిమాణం, రూపం మారతాయి. కీలాల సంఖ్య, కేసరాల అమరిక మొగ్గ దశలోనే జన్యువుల ఆదేశంతో ఖాయమవుతాయి. వాన తక్కువైతే పువ్వు చిన్నదవుతుందేమో గానీ, రెండు కీలాలు ఒకటైపోవడం మామూలుగా జరగదు. ఫోన్ యాప్‌ల మీద ఆధారపడేవాళ్లు కూడా ఈ సంగతి పట్టించుకోవాలి. దూరం నుంచి తీసిన ఫొటోలో నీలం రంగు పడుతుంది, నాలుగు పోగులు పడవు.

అలాగని కీలాగ్రాలతోనే పని పూర్తయిపోదు. ఎవాల్వ్యులస్ ప్రజాతిలో దాదాపు 100 జాతులున్నాయి, చాలావరకు అమెరికా ఖండాలవే. నర్సరీల్లో కుండీల్లో అమ్మే, పెద్ద నీలిపువ్వుల ‘బ్లూ డేజ్’ ఈ ప్రజాతి మొక్కే, మన బీడులో పెరిగే విష్ణుక్రాంతం కాదు. పచ్చిక మీద నాణేల్లాంటి గుండ్రటి ఆకులతో, కణుపు కణుపుకీ వేళ్లు దించుతూ పాకే ఎవాల్వ్యులస్ నమ్యులేరియస్ కూడా ఉంది. దాని పువ్వు తెల్లన. లోపల మాత్రం అవే నాలుగు కొసలు. అంటే కీలాలు ప్రజాతి దాకా తీసుకెళ్తాయి. ఆ తర్వాత పువ్వు రంగు, ఆకు తీరు, కాండం నేలలో వేళ్లు దించుతోందా లేదా అన్నవి కలిపి చూసుకోవాలి.

నమూనా సేకరించేవాళ్లు ఆ వివరాలన్నీ పొలం దగ్గరే రాసుకోవడం మంచిది. కాగితాల మధ్య అదిమి ఎండబెట్టిన పువ్వులో నీలం వెలిసిపోవచ్చు. కీలాలు మాత్రం ఎండినా పోవు. పాత నమూనాలోని పువ్వును వేడినీళ్లలో కాసేపు నానబెట్టి మెత్తబరిచి, సూదితో విప్పి, వాటిని మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు.